పాట గురించి వాళ్లనే అడగండి: రాక్ తారల డాక్యుమెంటరీలు తీసేవారికి బహిరంగ లేఖ

రాక్ సంగీత తారల మీద డాక్యుమెంటరీలు తీస్తున్న దర్శకులకు, నిర్మాతలకు, వాటిని కొని మా ఇళ్లదాకా తెస్తున్న ఓటీటీ సంస్థల వారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో గిటార్ నేర్పుతాను. ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు, ఆఫీసు అయ్యాక వచ్చే ఐటీ ఉద్యోగులు నా దగ్గర నేర్చుకుంటారు. ఈమధ్య హైస్కూలు అమ్మాయిలు కూడా బాగానే వస్తున్నారు. రాక్ సంగీతం ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల్లో పెరిగింది అన్నది వీళ్లకు ఏ బళ్లోనూ చెప్పరు. ఇళ్లలో ఆ రికార్డులు లేవు, కూర్చోబెట్టి చెప్పే బాబాయిలూ మేనమామలూ లేరు. వీళ్లకు తెలిసిన చరిత్ర దాదాపు అంతా మీ సినిమాల్లోంచి వచ్చిందే. రాత్రి ఫోన్‌లో ఒక డాక్యుమెంటరీ చూస్తారు, మర్నాడు క్లాసుకొచ్చి "సార్, ఈ రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) నేర్పండి" అంటారు. మీరు ఎవరిని చూపిస్తే వాళ్లే వీళ్లకు రాక్. మీరు వదిలేసినవాళ్లు వీళ్ల లెక్కలో పుట్టనే లేదు. అందుకే ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను.

మీ సినిమాల్లో చాలావాటికి ఒక అచ్చు ఉంది. మొదటి ఐదు పది నిమిషాల్లో నలుపు తెలుపు బొమ్మలు వస్తాయి. పత్తి చేలు, చర్చి, చప్పట్లు కొడుతూ పాడే నల్లజాతి జనం, గిటార్ పట్టుకున్న ఒకావిడ నాలుగైదు సెకన్లు. కింద పేరు ఉండదు. ఆ తర్వాత ఎక్కడో ఒక ఊళ్లో ఒక తెల్ల కుర్రాడు రేడియో వింటాడు. అక్కణ్ణుంచి గంటన్నర సేపు కథ అతనిది. అతని గురించి చెప్పడానికి కుర్చీల్లో కూర్చునేది బ్యాండ్‌లోని తోటివాళ్లు, ప్రొడ్యూసరు, మేనేజరు, ఒక పత్రిక ఎడిటరు, అతన్ని అభిమానించే మరో పెద్ద స్టారు. మొదట్లో కనిపించినవాళ్లు మళ్లీ రారు.

ఈ మాట మీకు ఇంతకుముందే చాలామంది చెప్పారు. మీలో కొందరు విన్నారు కూడా. ఇప్పటి సినిమాల్లో ఆడవాళ్ల ముఖాలు, నల్లజాతి ముఖాలు పెరిగాయి. అది మంచి మార్పే, కాదనను. కానీ ఎన్ని ముఖాలు ఉన్నాయన్నది నా ప్రశ్న కాదు. వాళ్లను ఏం అడుగుతున్నారు? నాకు కనబడినంతలో మగ గిటారిస్టును సౌండ్ గురించి అడుగుతారు. బ్యాండ్‌లో పాడిన ఆవిడను ఆ మగాడితో ప్రేమ గురించి అడుగుతారు. తెల్ల విమర్శకుడు ఆల్బమ్ నిర్మాణం గురించి మాట్లాడతాడు. నల్లజాతి సంగీతకారుడు తాను పడ్డ కష్టాల గురించి, అవమానాల గురించి మాట్లాడతాడు. కన్నీళ్లు ఒకరి వంతు, సంగీతం ఇంకొకరి వంతు. అందరూ తెర మీద కనబడతారు, అయినా పనితనం మాత్రం పాతవాళ్ల ఖాతాలోనే జమ అవుతుంది.

గాయని మెర్రీ క్లేటన్ సంగతి తీసుకుందాం. 1969లో రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ వాళ్లు లాస్ ఏంజెలెస్‌లో ఒక పాట మీద పని చేస్తున్నారు. అర్ధరాత్రి వేళ ఆమెకు ఫోన్ వచ్చింది, ఒక ఆడగొంతు కావాలని. ఆమె అప్పుడు గర్భిణి, పడుకోబోతోంది. సిల్కు పైజమా, తలకు కర్లర్లు, వాటితోనే స్టూడియోకు వెళ్లింది. "గిమ్మే షెల్టర్" పాటలో ఆ భాగం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. పై స్థాయిలో ఆమె గొంతు ఒకచోట చీలుతుంది. ఇంకా పైకి వెళ్తుంది, మళ్లీ చీలుతుంది. వెనక ఎక్కడో ఆ బ్యాండ్ గాయకుడు మిక్ జాగర్ ఆనందం పట్టలేక వేసిన కేక కూడా రికార్డులో ఉండిపోయింది. ఆ పాటకు భయం, ఆవేశం వచ్చింది అక్కడే. ఆ రికార్డు మొదట బయటికి వచ్చినప్పుడు ఆమె పేరు కూడా తప్పే పడింది, మెర్రీకి బదులు మేరీ అని.

ఆ తర్వాత ఆమెకు గర్భస్రావం అయింది. ఆ పాట గురించి రాసేవాళ్లలో చాలామంది ఆ విషాదం దగ్గరే ఆగిపోతారు. నాకు ఇంకొకటి తెలుసుకోవాలని ఉంటుంది. గొంతు చీలుతుందని తెలిసి మళ్లీ అదే స్వరానికి ఎందుకు వెళ్లింది? చర్చిలో నేర్చుకున్న ఏ పద్ధతి ఆ రాత్రి పనికొచ్చింది? ఇవి అడగాల్సిన ప్రశ్నలు. 2013లో వచ్చిన "ట్వంటీ ఫీట్ ఫ్రమ్ స్టార్‌డమ్" అనే డాక్యుమెంటరీ ఆమెను, ఆమెలాంటి మరికొందరు కోరస్ గాయనులను కుర్చీలో కూర్చోబెట్టి ఆ పని గురించి వాళ్ల నోటే చెప్పించింది. డార్లీన్ లవ్ అందులో ఉంది. 1962లో ఆమె పాడిన పాట అమెరికాలో నంబర్ వన్ అయింది, కానీ రికార్డు మీద వేరే బృందం పేరు వేశారు. తర్వాతి రోజుల్లో ఇళ్లు శుభ్రం చేసే పనికి పోయి, అలా పని చేస్తున్న ఇంట్లోనే రేడియోలో తన గొంతు తాను వింది. ఆ సినిమాకు ఆస్కార్ వచ్చింది. జనం చూడరు, డబ్బు రాదు అనేవాళ్లకు అదొక జవాబు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ. గిటార్ నేర్పేవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

రాక్ తొలితరం గిటారిస్టు చక్ బెర్రీ పాటలు నేర్చుకోవడానికి కూర్చున్న ప్రతి పిల్లాడూ ఒకచోట తికమక పడతాడు. గిటార్‌కు సుఖంగా ఉండే శ్రుతులు ఇ, ఏ, డి, జి. తీగలు ఖాళీగా మోగుతాయి, వేళ్లకు శ్రమ తక్కువ. బెర్రీ పాటలేమో ఎక్కువగా బి ఫ్లాట్‌లో, ఇ ఫ్లాట్‌లో ఉంటాయి. గిటార్ కోసం గిటారిస్టు కట్టిన పాట అయితే ఆ శ్రుతుల్లో ఎందుకుంటుంది? అవి పియానోకు, ఊదే వాద్యాలకు అనువైన శ్రుతులు. రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ ఈ సంగతి పట్టుకున్నాడు. దాన్ని వెనక్కి తవ్వుకుంటూ వెళితే సెయింట్ లూయిస్‌లో జానీ జాన్సన్ అనే పియానిస్టు దగ్గర తేలుతుంది. 1952 డిసెంబరు 31 రాత్రి తన బృందంలో ఒకరు జబ్బు పడితే, ఆ చోటులో వాయించడానికి చక్ బెర్రీని పిలిచింది జాన్సనే. అంటే బెర్రీ వచ్చి చేరింది జాన్సన్ బృందంలోకి. ఆ పాటల్లో పియానో పాలు ఎంత అన్నది ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1987లో టేలర్ హాక్‌ఫోర్డ్ బెర్రీ మీద తీసిన డాక్యుమెంటరీ వచ్చింది. అందులో జాన్సన్ కనిపించాడు, వాయించాడు, మాట్లాడాడు. ఆ రోజుల్లో ఆయన సెయింట్ లూయిస్‌లో బస్సు నడుపుకుంటున్నాడు. సినిమా తర్వాత ఆయన దశ తిరిగింది, సొంత ఆల్బమ్‌లు వచ్చాయి, 2001లో, రాక్ మహామహులను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ను పక్కవాద్యకారుల విభాగంలో చేర్చుకుంది. ఆ పాటల రచనలో తనకూ వాటా ఉందని ఆయన బెర్రీ మీద కేసు కూడా వేశాడు. చాలా ఏళ్లు గడిచిపోయాయని కోర్టు దాన్ని కొట్టేసింది. సకాలంలో ఎవరైనా ఆ శ్రుతుల ప్రశ్న అడిగి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. సంగీతం గురించి ఒక సరైన ప్రశ్న అడిగితే, తార పక్కన నీడలో ఉన్న మనిషి తనంతట తానే వెలుగులోకి వస్తాడు. నేను మిమ్మల్ని అడుగుతున్నది ఆ పనే.

మీరు చెప్పే మొదటి సమాధానం నాకు తెలుసు. "వాళ్ల ఫుటేజీ లేదు, ఏం చూపించమంటారు?" అంటారు. ఇది కొంతవరకు నిజం. కెమెరా ఉన్నచోటుకి వాళ్లను రానివ్వలేదు, వాళ్లున్నచోటుకి కెమెరా పోలేదు. కానీ లేదనుకున్నది ఉన్న సందర్భాలూ ఉన్నాయి. 1969 వేసవిలో రెండు పెద్ద సంగీత ఉత్సవాలు జరిగాయి. ఒకటి వుడ్‌స్టాక్. దాని మీద తీసిన సినిమా మరుసటి ఏడాదే విడుదలై, ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ తెచ్చుకుంది. రెండోది న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో, మౌంట్ మోరిస్ పార్కులో, ఆరు ఆదివారాలు. స్టీవీ వండర్, నీనా సిమోన్, బి.బి. కింగ్, మహేలియా జాక్సన్ అందరూ వచ్చారు. స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ అయితే రెండు చోట్లా వాయించింది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి ఉన్న బ్యాండ్ అది. ట్రంపెట్ వాయించేది సింథియా రాబిన్సన్. హార్లెమ్ ఉత్సవాన్ని హాల్ టల్చిన్ అనే ఆయన దాదాపు 40 గంటలు చిత్రీకరించాడు. కొనేవాళ్లు దొరకలేదు. ఆ టేపులు దాదాపు 50 ఏళ్లు బేస్‌మెంట్‌లో పడి ఉన్నాయి. 2021లో క్వెస్ట్‌లవ్ వాటితో "సమ్మర్ ఆఫ్ సోల్" తీశాడు, దానికీ అదే ఆస్కార్ వచ్చింది. ఒకే వేసవి, ఒకే అవార్డు, మధ్యలో యాభై ఏళ్ల దూరం.

ఆ సినిమాలో నాకు బాగా నచ్చిన పని ఒకటుంది. అప్పుడు చిన్నపిల్లాడిగా ఆ పార్కులో ఉన్న ఒకాయన్ను కూర్చోబెట్టి, ఆ ఫుటేజీ చూపించారు. తనకు గుర్తున్నది నిజమేనా, కల కన్నానా అని ఇన్నాళ్లూ అనుమానపడిన మనిషి, తెర మీద అదంతా కదులుతుంటే చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవి కష్టాలు చెప్పించి రాబట్టిన కన్నీళ్లు కావు. తన ఊరి సంగీతం తనకు తిరిగి దొరికిన ఆనందం. క్వెస్ట్‌లవ్ స్వయంగా డ్రమ్మర్. అందుకే స్టీవీ వండర్ డ్రమ్స్ ముందు కూర్చుని వాయించే చోటును సినిమా మొదట్లోనే పెట్టాడు. ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఎవరు కూర్చున్నారన్నది ఇలాంటి చోట తెలుస్తుంది. ఏ మూడు సెకన్లు ఉంచాలి, ఏ ముప్ఫై సెకన్లు కోయాలి అన్నది నిర్ణయించేది వాళ్లే.

నేను పైన చెప్పిన, నాలుగైదు సెకన్లు కనబడి మాయమయ్యే ఆ గిటార్ ఆవిడ చాలాసార్లు సిస్టర్ రొసెటా థార్ప్ అయి ఉంటుంది. అర్కాన్సాలోని కాటన్ ప్లాంట్ అనే చిన్న ఊళ్లో 1915లో పుట్టింది. చర్చి పాటకు ఎలక్ట్రిక్ గిటార్ జోడించింది. 1947లో జార్జియాలోని మేకన్‌లో తన కచేరీకి ముందు ఒక కుర్రాడు పాడుతుంటే విని, స్టేజీ మీదకు పిలిచి పాడించింది. ఆ కుర్రాడే తర్వాత రాక్ తొలితరం తారల్లో ఒకడైన లిటిల్ రిచర్డ్. 1964 మే నెలలో మాంచెస్టర్‌లో, ప్రయాణికులకు మూసేసిన విల్బ్రహం రోడ్ రైల్వే స్టేషన్లో ఆమె పాడిన కార్యక్రమాన్ని గ్రనాడా టీవీ చిత్రీకరించింది. ఒక ప్లాట్‌ఫాం మీద జనం, పట్టాల అవతలి ప్లాట్‌ఫాం మీద కళాకారులు. వాన కురుస్తోంది. ఆమె గుర్రబ్బండిలో దిగి, పొడవాటి కోటు వేసుకుని నడిచొచ్చి, తెల్లటి గిబ్సన్ గిటార్ తగిలించుకుని వాన పాటే ఎత్తుకుంది. మధ్యలో ఆమె వాయించిన సోలో నేను క్లాసులో చూపిస్తాను. కుడిచేయి ఎంత బలంగా పడుతుందో, స్వరానికీ స్వరానికీ మధ్య ఎంత ఖాళీ వదులుతుందో చూడమంటాను. పిల్లలు మళ్లీ మళ్లీ పెట్టమంటారు. అయినా హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను చేర్చుకున్నది 2018లో. ఆమె 1973లోనే పోయింది, ఫిలడెల్ఫియాలో ఆమె సమాధికి చాలా ఏళ్లు పేరు చెక్కిన రాయి కూడా లేదు.

ఫుటేజీ ఉంది. వాన కూడా రికార్డై ఉంది. మీరు అందులో నాలుగు సెకన్లే వాడుకుంటున్నారు.

మీరు చెప్పే రెండో సమాధానం హక్కుల గురించి. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. పాట లేకుండా రాక్ స్టార్ సినిమా తీయలేరు. పాట వాడాలంటే రచన హక్కు ఒకరి దగ్గర, రికార్డింగ్ హక్కు ఇంకొకరి దగ్గర తీసుకోవాలి. రెండింటి వెనకా తారో, తార వారసులో, మేనేజరో ఉంటారు. వాళ్లకు నచ్చనిది పెడితే పాట ఇవ్వరు. చాలాసార్లు వాళ్లే నిర్మాతల జాబితాలోనూ ఉంటారు. దాంతో తారతో గొడవపడి వెళ్లిపోయిన డ్రమ్మరూ, డబ్బు రాలేదని కోర్టుకెళ్లిన గాయనీ కథలోంచి మెల్లగా జారిపోతారు. వాళ్లలో ఆడవాళ్లు, నల్లవాళ్లు ఎక్కువ ఉండటం యాదృచ్ఛికం కాదు. మొదట్లో ఒప్పందాల్లో వాటా రానిది వాళ్లకే కాబట్టి, ఇప్పుడు అనుమతి ఇచ్చే స్థానంలోనూ వాళ్లు లేరు. నల్లజాతి గాయని బిగ్ మామా థార్న్‌టన్ 1952లో రికార్డు చేసిన "హౌండ్ డాగ్" మరుసటి ఏడాది రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో ఏడు వారాలు నంబర్ వన్‌గా ఉంది. తన చేతికి వచ్చింది మొత్తం మీద 500 డాలర్ల చెక్కు ఒకటేనని ఆమె చెప్పుకుంది. మూడేళ్ల తర్వాత ఎల్విస్ ప్రెస్లీ పాడితే అది ప్రపంచమంతా మోగింది. హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు 2024లో దొరికింది, పోయిన నలభై ఏళ్లకు.

హక్కులు ఉన్నవాళ్ల మాట వినక తప్పదంటే వినండి. కానీ సినిమా మొదట్లో ఒక వాక్యం వెయ్యండి: ఈ చిత్రం తార కుటుంబం, సంస్థ అనుమతితో, వారి భాగస్వామ్యంతో తీసినది అని. అప్పుడు నా దగ్గరికొచ్చే పిల్లలకు అది ఎవరి వైపు నుంచి చెప్పిన కథో తెలుస్తుంది. ఓటీటీ సంస్థల వారు ఆ వాక్యాన్ని షరతుగా పెట్టొచ్చు. డబ్బు పెట్టేది మీరే కదా.

ఇక కుర్చీల్లో ఎవరు కూర్చోవాలో ఎంచుకునేవాళ్ల మనసులో ఏముంటుందో 2023 సెప్టెంబరులో బయటపడింది. రోలింగ్ స్టోన్ పత్రిక స్థాపకుల్లో ఒకడైన జాన్ వెన్నర్ రాక్ మహామహులతో చేసిన ఇంటర్వ్యూలను పుస్తకంగా వేశాడు. ఏడుగురూ తెల్ల మగవాళ్లే. ఎందుకని న్యూయార్క్ టైమ్స్ అడిగితే, ఆ స్థాయిలో తన సంగీతం గురించి విడమరచి చెప్పగల ఆడవాళ్లు గానీ నల్లజాతి కళాకారులు గానీ తనకు కనబడలేదన్న అర్థంలో జవాబిచ్చాడు. ఇంటర్వ్యూ వచ్చిన మర్నాడే హాల్ ఆఫ్ ఫేమ్ ఫౌండేషన్ ఆయన్ను బోర్డులోంచి తీసేసింది. తర్వాత ఆయన క్షమాపణ చెప్పాడు. ఆ మనిషి మీద నాకు కోపం కన్నా దిగులు ఎక్కువ. దశాబ్దాల పాటు ఎవరి మాట అచ్చులో ఉండాలో నిర్ణయించిన చేతుల్లో అదొకటి. ఆ హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో మొదటిసారి పదిమంది కళాకారులను చేర్చుకుంది. అందులో ఒక్క ఆడమనిషి లేదు. మీ రీసెర్చి బృందం ఇప్పుడు తెరిచి చూసే పాత ఇంటర్వ్యూలు, పాత సంచికలు అలాంటి చేతుల మీదుగా వచ్చినవే. అవి మాత్రమే చదివితే మీ సినిమాలోనూ అదే జాబితా తయారవుతుంది, మీకు ఏ దురుద్దేశమూ లేకపోయినా.

లిసా కోర్టెస్ లిటిల్ రిచర్డ్ మీద తీసి 2023లో విడుదల చేసిన సినిమా దీనికి విరుగుడు చూపించింది. అందులో మిక్ జాగర్ లాంటి స్టార్లు ఉన్నారు, వాళ్లతో పాటు నల్లజాతి సంగీత చరిత్రకారులు, పరిశోధకులు కూర్చుని ఆ పియానో గురించి, ఆ కేక గురించి, ఆ మేకప్ ఎక్కణ్ణుంచి వచ్చిందో దాని గురించి మాట్లాడారు. దక్షిణాదిలో అతని కన్నా ముందే ఆడవేషంతో, అలంకారంతో పాడిన నల్లజాతి కళాకారుల పేర్లు చెప్పారు. 1988 గ్రామీ వేదిక మీద, అవార్డు ఇవ్వడానికి వచ్చి, "విజేత నేనే" అని ప్రకటించుకున్న మనిషి వెనక ఎంత అన్యాయం ఉందో అప్పుడు అర్థమవుతుంది. రాక్‌ను నేనే కట్టాను, మీరు నాకేమీ ఇవ్వలేదు అని ఆయన అంటుంటే సభ నవ్వింది, లేచి నిలబడి చప్పట్లూ కొట్టింది. ఆయన అన్నది నిజం.

మా దేశానికి సంబంధించిన సంగతి ఒకటి కూడా చెప్పాలి. క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ మీద మీలో చాలామంది సినిమాలు తీశారు, ఇంకా తీస్తారు. ఆయన ఫరూఖ్ బుల్సారా. గుజరాత్ మూలాలున్న పార్సీ కుటుంబం, 1946లో జాంజిబార్‌లో పుట్టాడు. ఎనిమిదేళ్ల వయసులో మహారాష్ట్రలోని పంచగని కొండల మీద సెయింట్ పీటర్స్ బళ్లో చేరాడు. అక్కడే పియానో నేర్చుకున్నాడు, బడి కోయిర్ (బృందగాన బృందం)లో పాడాడు, స్నేహితులతో ది హెక్టిక్స్ అనే బ్యాండ్ పెట్టాడు. జాంజిబార్‌లో 1964 విప్లవం తర్వాత కుటుంబం ఇంగ్లండు చేరింది. 1991లో పోయినప్పుడు జొరాస్ట్రియన్ పద్ధతిలో అంత్యక్రియలు జరిగాయి.

ఈ కథ చెప్పేటప్పుడు ఎప్పుడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతారు: ఆయన తన పుట్టుకను ఎందుకు దాచుకున్నాడు? దాని మీద మాట్లాడటానికి అందరూ సిద్ధమే. సంగీతం మీద ప్రశ్న ఎక్కడ? 1975లో వచ్చిన "బొహీమియన్ రాప్సొడీ" పాటలో ముగ్గురు మనుషులు పదేపదే పాడి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పెద్ద బృందగానంలా వినిపించారు. బడి కోయిర్‌లో నిలబడి పాడిన పిల్లాడికి గొంతులను అలా పేర్చడం ఎంతవరకు అక్కడ అబ్బింది? 1950ల్లో ఆ బళ్లో పియానో మీద ఏం నేర్పేవాళ్లు? రేడియోలో విన్న పాటను తిరిగి వాయించగల ఆ పిల్లాడికి పంచగనిలో ఏ స్టేషన్లు వినబడేవి? దీనికి జవాబు చెప్పగలిగేవాళ్లు పార్సీ సంగీతకారుల్లో ఉన్నారు, బొంబాయి పియానో టీచర్లలో ఉన్నారు, మా దేశంలో పాశ్చాత్య సంగీత చరిత్ర రాస్తున్నవాళ్లలో ఉన్నారు. వాళ్ల ముందు మైకు పెట్టండి. పంచగని మీద డ్రోన్ ఎగరేసి, వెనక సితార్ వినిపించి, అరనిమిషంలో లండన్ చేరిపోకండి. ఆ బళ్లో గడిపిన ఏళ్లే ఆయన చేతులు, గొంతు తయారైన ఏళ్లు.

నా దగ్గరికి వచ్చే అమ్మాయిల మాట కూడా చెప్పాలి. బేస్ గిటార్ నేర్చుకుంటానని వచ్చే అమ్మాయిని ఇంట్లోనే కాదు, బ్యాండ్‌లో తోటి కుర్రాళ్లు కూడా "నువ్వు పాడొచ్చు కదా" అంటారు. ఆ అమ్మాయికి నేను ఫానీ అనే ఆడవాళ్ల రాక్ బ్యాండ్ వీడియోలు చూపిస్తాను. జూన్, జీన్ మిల్లింగ్‌టన్ అక్కచెల్లెళ్లు ఫిలిప్పీన్స్ నుంచి అమెరికా వచ్చినవాళ్లు. ఒకరు లీడ్ గిటార్, ఒకరు బేస్. 1970లో పెద్ద కంపెనీలో ఆల్బమ్ విడుదల చేశారు. తమ కాలపు అత్యుత్తమ రాక్ బ్యాండ్లలో అదొకటని డేవిడ్ బోవీ అన్నాడు. అయినా 1970ల రాక్ మీద తీసిన సినిమాల్లో వాళ్లు అరుదు. వాళ్ల మీద 2021లో ప్రత్యేకంగా ఒక డాక్యుమెంటరీ వచ్చింది, చాలా సంతోషం. కానీ ఆడవాళ్ల బ్యాండ్లకు ఆడవాళ్ల డాక్యుమెంటరీ, మగవాళ్లకు అసలు చరిత్ర అని విడిగా పెట్టకండి. మామూలు రాక్ చరిత్రలోనే జీన్ మిల్లింగ్‌టన్‌ను కూర్చోబెట్టి, ఆ బేస్ లైన్ ఎలా కట్టావని అడగండి.

"సినిమా ఒక తార గురించి, అందరికీ చోటెక్కడ?" అన్నది మీ చివరి అభ్యంతరం. పీటర్ జాక్సన్ తీసిన "గెట్ బ్యాక్" డాక్యుమెంటరీ చూడండి. బీటిల్స్ నలుగురూ ఒకరంటే ఒకరికి విసుగెత్తి ఉన్న జనవరి అది. బిల్లీ ప్రెస్టన్ అనే నల్లజాతి కీబోర్డ్ కళాకారుడు పలకరించడానికి వచ్చి ఎలక్ట్రిక్ పియానో ముందు కూర్చుంటాడు. రెండు నిమిషాల్లో గది మారిపోతుంది. నలుగురి ముఖాల్లో నవ్వు వస్తుంది, పాట నిలబడుతుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. అతని చేతులను, మిగతావాళ్ల ముఖాలను చూపించారు, అంతే. "గెట్ బ్యాక్" పాట రికార్డు మీద బీటిల్స్ పేరు పక్కన ప్రెస్టన్ పేరు కూడా ఉంది. తార స్థాయి దానివల్ల ఏమీ తగ్గలేదు.

మీ తర్వాతి సినిమాకు ఇంటర్వ్యూల జాబితా ఇప్పటికే సిద్ధమై ఉంటుంది. దాన్ని ఒకసారి బయటికి తీయండి. ప్రతి పేరు పక్కన మీరు అడగబోయే ప్రశ్న రాసి ఉంటుంది కదా, అది చూడండి. కోరస్ పాడినావిడ పేరు పక్కన టూర్ బస్సులో గొడవల గురించి ఉంటే, దాని కింద హార్మనీ గురించి ఒక ప్రశ్న చేర్చండి. నల్లజాతి డ్రమ్మర్ పేరు పక్కన జాతి వివక్ష గురించి ఉంటే అది ఉండనివ్వండి, అతని హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) పట్టు గురించి కూడా అడగండి. ఆర్కైవ్ బొమ్మ వాడిన ప్రతిచోటా కింద పేరు వెయ్యండి, ఎన్ని సెకన్లు వాడినా సరే. ఎడిటింగ్‌లో, రీసెర్చిలో ఆ సంగీతం నుంచి వచ్చిన మనుషులను పెట్టుకోండి. ఓటీటీ వారికి ఇంకో మాట: తెలుగు సబ్‌టైటిల్స్ ఇవ్వండి. ఇంగ్లీషు యాస వేగంగా వస్తే మా పిల్లలు సగం వదిలేస్తున్నారు. లూసియానా, అలబామా నుంచి వచ్చిన పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడే ఎక్కువగా వదిలేస్తున్నారు.

వాళ్లు జవాబు చెప్పడం మొదలుపెట్టినప్పుడు, చేతిలో వాద్యం ఉంటే వాయించి చూపించమనండి. అది పూర్తయ్యేదాకా కట్ చెప్పకండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక గిటార్ టీచర్